ఇటలీ బండి, జపాన్ బండి, మధ్యలో మెకానిక్

వనపర్తిలో ముప్పై ఎనిమిదేళ్ళు మోటారు మెకానిక్‌గా బతికి, మోకాళ్ళు మొరాయించాక షెడ్డు మూసేశాను. ఐటీఐ చదివి, కొత్త పానాల పెట్టె పట్టుకొని పనిలో చేరబోయే పిల్లలు అప్పుడప్పుడు ఇంటికి వచ్చి పని కిటుకులు చెప్పమంటారు. కిటుకులు వాళ్ళ ఫోన్లలో నాకంటే ఎక్కువే ఉన్నాయి. ఏ బోల్టు ఎంత బిగించాలో బొమ్మలతో సహా చూపిస్తాయట. ఫోన్లో దొరకనిది నా దగ్గర ఒకటుంది. అది నేను చేసిన తప్పు. దాన్ని చెప్పాలంటే రెండు బండ్ల కథ మొత్తం చెప్పాలి.

ఆ బండ్ల కంపెనీల పేర్లు రాయడం లేదు. రాస్తే ఏది గొప్పదో వాదించడానికి ఎవరో ఒకరు మా ఇంటి మెట్లెక్కుతారు. ఆ వాదన మధ్య కూర్చున్న అనుభవం నాకు ఒకసారి అయింది, చాలు.

ఉస్తాద్ మాట

నాకు పని నేర్పింది మహమూద్ ఉస్తాద్. కొత్తకోట రోడ్డు మీద ఆయన రేకుల షెడ్డు ఉండేది. పొడుగాటి స్క్రూడ్రైవర్ కొనను ఇంజనుకు ఆనించి, పిడిని చెవికి ఆనించుకొని కళ్ళు మూసుకునేవాడు. కాసేపటికి కళ్ళు తెరిచి జబ్బు చెప్పేవాడు. పదిసార్లలో తొమ్మిదిసార్లు అదే అయ్యేది. పదోసారి బండి యజమానిదే తప్పనేవాడు.

గొప్ప పనివాడు. మంచి గురువు అని మాత్రం అనలేను. ఎందుకని అడిగితే ఆయనకు నచ్చేది కాదు. "కామ్ కర్ బేటా" అని, పని చూసుకొమ్మనేవాడు. అందుకని ఆయన మాటలన్నీ కారణాలు లేకుండానే నా బుర్రలో స్థిరపడ్డాయి. వాటిలో నేను బాగా నమ్మింది, "తిరగనిది అరగదు" అన్న మాట. మూలన పడి ఉన్న బండికి పెద్దగా జబ్బులుండవనీ, నూనె పోసి తుడిస్తే లేస్తుందనీ దాని అర్థం. పాతికేళ్ళు ట్రాక్టర్లూ జీపులూ లారీలూ ఆ మాటను నిజం చేస్తూనే వచ్చాయి. అందుకే దాన్ని అనుమానించాలని నాకు తోచలేదు.

బావ, బామ్మర్ది

ఇది రెండువేల సంవత్సరం దాటిన నాలుగైదేళ్ళకు జరిగింది. అప్పటికి గద్వాల, వనపర్తి, నాగర్‌కర్నూల్ అన్నీ ఒకే పాలమూరు జిల్లా. ఈ మొత్తం ప్రాంతంలో కూపే రకం బండ్లు నాకు తెలిసి రెండే ఉండేవి. కూపే అంటే రెండు తలుపులు మాత్రమే ఉండి, పైకప్పు వెనక్కి జారినట్టుండే పొట్టి బండి. ఊళ్ళు తిరగడానికి కాక, నడపడంలో ఉన్న సరదా కోసం చేసినది.

ఒకటి ఇటలీ బండి, మిరపపండు ఎరుపు. అది వనపర్తి డాక్టరు రాఘవరెడ్డి గారిది. ఆయన లిబియా దవాఖానల్లో పదకొండేళ్ళు పనిచేసి, అక్కడ కొన్న బండిని ఓడమీద బొంబాయికి దించుకొని, అక్కడినుంచి తానే నడుపుకుంటూ వచ్చారు. రెండోది జపాన్ బండి, నిమ్మపండు పసుపు. అది గద్వాలలో ఉండే ఇంజనీరు జనార్దన్ రెడ్డి గారిది. ఆయన కువైట్‌లో రోడ్లు వేయించి తిరిగొచ్చినవాడు. డాక్టరు గారి భార్య సరోజనమ్మకు ఈయన సొంత తమ్ముడు. అంటే ఇద్దరూ బావ, బామ్మర్ది. బావామరుదులకు కొట్లాడుకోవడానికి వేరే కారణం అక్కర్లేదు. వీళ్ళకు రెండు బండ్లు కూడా ఉన్నాయి.

డాక్టరు గారి బండి పన్నెండేళ్ళుగా పశువుల కొట్టంలో తార్పాలిన్ కింద ఉండేది. రోగుల రద్దీలో నడపడానికి తీరిక లేదనేవారు. ఇంజనీరు గారి బండి మాత్రం ప్రతి ఆదివారం ఇటిక్యాలలోని వాళ్ళ పల్లీ చేనుకు వెళ్ళొచ్చేది. తన ఇటలీ బండి గొప్పని ఆయనా, తన జపాన్ బండి గొప్పని ఈయనా ఇరవై ఏళ్ళుగా వాదించుకుంటున్నారు. రెండు బండ్లకూ మెకానిక్‌ను నేనే. ఎవరి దగ్గర ఉంటే వాళ్ళ మాటకు తలూపేవాణ్ణి. అది మెకానిక్‌కు మంచి అలవాటు కాదు, కానీ ప్రశాంతంగా ఉంటుంది.

చేతికి తెలిసిన తేడా

ఆ రెండు బండ్ల తేడా నేను కళ్ళతో చూసి కాదు, చేతులతో తెలుసుకున్నాను.

జపాన్ బండి బోనెట్ ఎత్తితే మూడు పానాలతో ముప్పావు పని అయిపోతుంది. నూనె వడపోసే డబ్బా చెయ్యి పెడితే అందేచోట ఉంటుంది. ఏ తీగ ఎక్కడికి పోతుందో రంగును బట్టి తెలిసిపోతుంది. దాన్ని గీసినవాడు గీస్తున్నంతసేపూ ఎక్కడో దూరదేశంలో చెమటలు కక్కే మెకానిక్‌ను తలుచుకున్నాడని నాకు అనిపించేది. ఆ మనిషికి ఎన్నోసార్లు మనసులో దండం పెట్టుకున్నాను.

ఇటలీ బండిని గీసినవాడికి మెకానిక్ అనే జీవి ఉంటాడన్న సంగతే తెలియదు. అదే నూనె డబ్బా విప్పాలంటే మోచేతి దాకా దూర్చి, చూడకుండా తిప్పాలి. బయటికి వచ్చేసరికి వేళ్ళ చర్మం కొంత లోపలే ఉండిపోతుంది. రెండు ఒకేలాంటి తీగలు రెండు వేరే చోట్లకు పోతాయి. కానీ స్టార్ట్ చేశాక, నాలుగో గేరులో కాలు కొంచెం నొక్కితే అది చేసే చప్పుడుంటుంది చూడండి, అంతసేపు తిట్టిన తిట్లన్నీ వెనక్కి తీసుకోవాలనిపిస్తుంది. స్టీరింగ్ పట్టుకుంటే రోడ్డు మీద గులకరాయి కూడా అరచేతికి తెలిసేది. జపాన్ బండిలో ఆ రాయి మనకు తెలియదు. మనను ఇబ్బంది పెట్టడమెందుకని బండే దాన్ని దాచిపెడుతుంది.

పాలమూరు ఎండల్లో జపాన్ బండి వేడి ముల్లు మధ్యలో కూర్చుంటే లేచేది కాదు. ఇటలీ బండి ముల్లు మాత్రం పేషీకి వచ్చిన గుమాస్తాలా లేస్తూ కూర్చుంటూ ఉండేది.

యజమానులు కూడా బండ్ల వంటివాళ్ళే. జపాన్ బండి సీటు గుడ్డ చిరిగితే ఇంజనీరు గారు ఆ ముక్కను గద్వాలలో ఒక నేతగాడి దగ్గరికి పట్టుకెళ్ళారు. ఆయన పట్టుచీరలు నేసే మనిషి. ముక్కను భూతద్దం కింద పెట్టి పోగులు చూసుకొని, అదే గళ్ళ గుడ్డ నేసిచ్చాడు. పాతదీ కొత్తదీ పక్కపక్కన పెడితే నాకు తేడా తెలియలేదు. డాక్టరు గారి సీటు తోలు పగిలితే ఆయన దాని మీద ఒక దుప్పటి వేసుకున్నారు.

వడ్డేపల్లి పెండ్లి

వడ్డేపల్లిలో వాళ్ళ చుట్టాల పెండ్లి జరిగింది. నన్ను కూడా పిలిచారు. రెండో పంక్తిలో బావాబామ్మర్దులు ఎదురెదురుగా కూర్చున్నారు. పప్పు వడ్డించేటప్పుడు మొదలైన బండ్ల వాదన పెరుగు దగ్గరికి వచ్చేసరికి ఇద్దరినీ లేపి నిలబెట్టింది. "పశువుల కొట్టంల బండి పశువుల్నే గెలుస్తది" అని ఇంజనీరు గారన్నారు. "పల్లీలు మోసేది బండి కాదు, గాడిద" అని డాక్టరు గారన్నారు. వడ్డించేవాళ్ళు గంటెలు పట్టుకొని నిలబడిపోయారు. పెండ్లికొడుకు తండ్రి చేతులు జోడించి చూస్తున్నాడు.

సరోజనమ్మ ఆడవాళ్ళ పంక్తిలోంచి లేచి వచ్చింది. ఆమె గొంతు పెంచగా నేను ఎన్నడూ వినలేదు. ఆరోజు కూడా పెంచలేదు.

"ఇద్దరు కూసోండ్రి. అన్నం సల్లారుతుంది" అంది. వాళ్ళు కూర్చున్నారు. "రెండు బండ్లు గద్వాలల బయలెల్లి అచ్చంపేట దాక పోయి రావాలె. ఏ బండి నడుమల ఆగుతదో దాన్ని హైదరాబాద్ ఆయనకు ఇచ్చేద్దాం. ఇగ మళ్ళ నా ముంగట బండి మాట ఎత్తొద్దు."

హైదరాబాద్ ఆయన అంటే పాత బండ్లు కొని దాచుకునే ఒక పెద్దమనిషి. ఇద్దరినీ బండి ఇవ్వమని ఏడాదిగా ఫోన్లు చేస్తున్నాడు. ఇద్దరూ ఒప్పుకోలేదు. ఇప్పుడు పంక్తిలో అందరి ముందూ ఒప్పుకోక తప్పలేదు. బండి ఆగిందో, డ్రైవర్ ఆపాడో తేల్చడానికి ఒక పెద్దమనిషి కావాలన్నారు. అందరూ నా వైపు చూశారు. నా నోట్లో అప్పుడే పెట్టుకున్న బూరె ఉంది. కాదనే అవకాశం లేకపోయింది.

పది రోజుల పని

రెండు బండ్లనూ సిద్ధం చేయడానికి నాకు పది రోజులు ఇచ్చారు. జపాన్ బండికి ఒక పూట పట్టింది. మిగతా తొమ్మిదిన్నర రోజులూ ఇటలీ బండి కిందే పడుకున్నాను. నూనెలు మార్చాను. బ్రేకులు విప్పి శుభ్రం చేశాను. కార్బురేటర్లో గూడు కట్టుకున్న కందిరీగలను ఖాళీ చేయించాను. టైర్లు మార్చాను.

పిల్లలూ, ఇక్కడ కొంచెం నిదానంగా చదవండి. ఇంజనులో కింద తిరిగే ఇరుసును, పైన వాల్వులను ఆడించే ఇరుసులతో కలపాలి. జపాన్ వాళ్ళు ఆ కలిపే పనికి ఇనుప చైను పెట్టారు. ఇటలీ వాళ్ళు పళ్ళున్న రబ్బరు బెల్టు పెట్టారు. అది చప్పుడు లేకుండా, తేలిగ్గా తిరుగుతుంది. తెగితే మాత్రం లోపల పిస్టన్లు పైకొచ్చి వాల్వులను గుద్ది వంకర చేస్తాయి.

నేను మూత తీసి ఆ బెల్టును చూశాను. నల్లగా నిగనిగలాడుతోంది. బొటనవేలుతో ఒత్తాను. గట్టిగా ఉంది. పళ్ళు అరగలేదు. మీటరు చూస్తే బండి తిరిగిందే తక్కువ. తిరగనిది అరగదు. మూత పెట్టేశాను. కొత్త బెల్టు తెప్పించాలంటే పది రోజుల్లో అయ్యే పని కాదన్న ఆలోచన కూడా లోపల ఉంది. ఆ ఆలోచనను కప్పిపుచ్చుకోవడానికి ఉస్తాద్ మాట బాగా పనికొచ్చింది.

అచ్చంపేట దారి

మే నెల మొదట్లో, పొద్దున్నే గద్వాలలో బయలుదేరాం. ఇటలీ బండిని ముందురోజే అక్కడికి చేర్చాను. ఎవరి బండి వాళ్ళు నడిపారు. వనపర్తి దాకా నేను జపాన్ బండిలో, సరోజనమ్మ భర్త పక్కన. వనపర్తిలో మేమిద్దరం మారాలని ఒప్పందం.

ఇంజనీరు గారు బీచుపల్లి వంతెన మీద కృష్ణను చూపిస్తూ, ఒక చేత్తో నడుపుతూ, బండిలో చల్లగాలి వస్తోందా అని రెండుసార్లు అడిగారు. ఆ బండిలో ప్రయాణం గురించి ఇంతకంటే చెప్పడానికి ఏమీ లేదు. అదే దాని గొప్ప.

వనపర్తిలో ఇటలీ బండి ఎక్కాను. డాక్టరు గారు ఊరు దాటాక మాటలు మానేశారు. అరవై దాటిన మనిషి, బిజినేపల్లి దాటాక వచ్చే వంపుల్లో పాతికేళ్ళవాడిలా గేర్లు మార్చారు. స్టీరింగ్ ఎడమ పక్కన ఉండటంతో ఎదురుగా వచ్చే లారీలు ముందు నాకు కనబడేవి. నేను పోవచ్చంటే ఆయన దూసుకుపోయేవారు. నేను వద్దన్నా ఒకసారి దూసుకుపోయారు. నాకు భయం వేసింది. అంతకంటే ఎక్కువగా ఈ మనిషి పన్నెండేళ్ళు దీన్ని ఎందుకు కప్పిపెట్టాడా అనిపించింది.

నాగర్‌కర్నూల్ దాటి అచ్చంపేట ఇంకా కొంత దూరముందనగా ఇంజనులో టక్కుమని ఒక చిన్న చప్పుడు. ఆ తర్వాత ఏ చప్పుడూ లేదు. బండి ఉన్న ఊపుకు కొంత దూరం జారి, దుక్కి దున్నిన చేను పక్కన ఆగింది. డాక్టరు గారు తాళం తిప్పారు. ఇంజను తిరిగిన తీరు వినగానే ఏం జరిగిందో నాకు తెలిసిపోయింది. నా చెవి కూడా ఉస్తాద్ ఇచ్చిందే కదా.

గొర్రెలు కాస్తున్న ఒక పెద్దమనిషి దగ్గరికొచ్చి, బండి చుట్టూ ఒకసారి తిరిగాడు.

"సార్, గిది సగమే ఉంది. ఇంకో సగం యాడ పడ్డది?" అని అడిగాడు.

ముందు పోయిన జపాన్ బండి మేము రావడం లేదని చూసుకొని వెనక్కి వచ్చింది. ఇంజనీరు గారు దిగి ఒక్క మాట కూడా అనలేదు. డిక్కీలోంచి తాడు తీసి తానే కట్టారు. ఎగతాళి చేసి ఉంటే డాక్టరు గారు తట్టుకునేవారు. ఆ మౌనం ఆయనకు బాగా తగిలింది. పసుపు బండి వెనక ఎర్ర బండి వనపర్తి దాకా తాడు పట్టుకొని వచ్చింది. నాగర్‌కర్నూల్ బజారులో జనం నిలబడి చూశారు. దారి పొడవునా డాక్టరు గారు స్టీరింగ్ పట్టుకొని ముందున్న పసుపు రంగునే చూస్తూ కూర్చున్నారు.

మూడు రోజులు

షెడ్డులో మూత విప్పాను. బెల్టు పళ్ళు వరసగా ఊడిపోయి ఉన్నాయి. ఎనిమిది వాల్వులూ వంకరపోయాయి. ఏమైందని డాక్టరు గారు అడిగితే, "పాత బండి కద సార్" అన్నాను.

అబద్ధం కాదు. అందుకే అది అబద్ధం కంటే చెడ్డది.

మూడు రోజులు అలాగే ఉన్నాను. నన్ను ఎవరూ అనుమానించలేదు. ఇటలీ బండి అంటేనే అంతని ఊరంతా అనుకుంది. ఇంజనీరు గారు ఫోన్ చేసి, బండే ఆగిందన్న తీర్పు నిజాయితీగా చెప్పినందుకు నన్ను మెచ్చుకున్నారు. వచ్చే ఆదివారం హైదరాబాద్ ఆయన లారీ తీసుకొని వస్తాడని కబురు తెలిసింది. ఊడిన బెల్టును పాత గుడ్డలో చుట్టి పానాల పెట్టె అడుగున పెట్టాను. పెట్టె తెరిచిన ప్రతిసారీ కావలసిన పానా కంటే ముందు ఆ గుడ్డే చేతికి తగిలేది.

మూడోరోజు మధ్యాహ్నం సరోజనమ్మ షెడ్డుకు వచ్చింది. బండి గురించి అడుగుతుందేమో అనుకున్నాను. ఆమె స్టూలు మీద కూర్చుని, ఎర్ర బండి వైపు కాసేపు చూసింది.

"సత్తయ్యా, నాకు జర బుగులైతుంది" అంది భయంగా. "మీ సారు మూడు దినాలసంది ఎవరితోటి కొట్లాడ్తలేడు. కూరల ఉప్పు లేకున్న తిని లేస్తుండు. గిట్ల నేను ఎన్నడు చూడలే."

ఆమె వెళ్ళాక పెట్టె తెరిచి గుడ్డ మూట తీసుకున్నాను.

నాలుక చాపమన్న డాక్టరు

దవాఖానకు వెళ్ళి, అందరిలాగే పేరు రాయించుకొని బల్ల మీద కూర్చున్నాను. నా వంతు వచ్చాక లోపలికి వెళితే డాక్టరు గారు తలెత్తకుండానే నాలుక చాపమన్నారు. అలవాటుగా చాపాను. లైటు వేసి చూసి, కడుపులో ఎలా ఉందని అడిగారు.

"నాకేం కాలే సార్. బండి గురించి వచ్చిన" అని మూట విప్పి బల్ల మీద పెట్టాను. "దీన్ని మార్చాల్సి ఉండె. నేను మూత తీసి చూసిన. మంచిగనే ఉందని మళ్ళ మూసిన. బండి ఆగలే సార్, నేను ఆపిన."

ఆయన బెల్టును కిటికీ వెలుతురులో ఎక్స్‌రే పట్టుకున్నట్టు పట్టుకున్నారు. మిగిలిన ముక్కను వెనక్కి వంచారు. వంచగానే పళ్ళ మొదళ్ళలో సన్నని పగుళ్ళు వరసగా నోరు తెరిచాయి. చదునుగా ఉన్నప్పుడు అవి కనబడవు.

"నువ్వు గిట్ల వంచి చూసినవా?"

"లేదు సార్. బొటనేలుతోటి ఒత్తి చూసిన."

ఆయన బెల్టును బల్ల మీద పెట్టారు. బయట ఎవరో దగ్గుతున్నారు.

"మూడు దినాలు ఎందుకు చెప్పలే?"

"పేరు పోతదని సార్. పాతికేండ్ల పేరు."

"పేరు నీది. బండి నాది" అన్నారు. ఆ తర్వాత కుర్చీలో వెనక్కి వాలారు. ఆయన గొంతులో కోపం కొంత తగ్గింది. "నేను సుత ఒకసారి ఒకని కడుపు ఒత్తి చూసి, ఏం లేదు పో అన్న. జబ్బు లోపల ఉండె. తెల్లారి వాడు మస్తు కోపంతోటి మళ్ళొచ్చిండు. బతికి, కోపంతోటి వచ్చిండని ఎంత సంబరమైందో నాకే తెలుసు. దినాం గుర్తుకొస్తడు."

తర్వాత ఆయనే ఇంకో సంగతి చెప్పారు. ఆ బండితో వచ్చిన పుస్తకం ఆయన బీరువాలోనే ఉందట. ఇటలీ భాషలో ఉన్నా ఆయనకు లిబియాలో ఉన్నప్పటినుంచి కొంచెం చదవడం వచ్చు. బండి నడిచినా నడవకపోయినా బెల్టు కొన్నేళ్ళకోసారి మార్చాలని అందులో బొమ్మ వేసి మరీ రాసి ఉందట. పన్నెండేళ్ళలో ఆయన ఆ పుస్తకం ఒక్కసారి కూడా తీయలేదు. నేను అడగలేదు, ఆయన తీయలేదు.

నా ఎదురుగానే గద్వాలకు ఫోన్ చేసి బామ్మర్దికి అంతా చెప్పారు. ఇంజనీరు గారి గొంతు నాకు కూడా వినబడింది.

"గట్లయితే పందెం చెల్లదు బావా. నా బండి గెలువలే. సత్తయ్య ఓడిండు."

ఆ మాట పడాల్సిందే, పడ్డాను. హైదరాబాద్ లారీని రావద్దన్నారు. ఇద్దరూ చెరో నెల నాతో ముభావంగా ఉన్నారు. ఊళ్ళో కూడా సంగతి తెలిసింది. బండి ఇవ్వడానికి వచ్చినవాళ్ళు, "బెల్టు చూడు సత్తయ్యా" అని, బెల్టు లేని బండ్లకు కూడా చెప్పేవాళ్ళు. కానీ బండ్లు రావడం మాత్రం తగ్గలేదు.

ఎనిమిది వాల్వులు

ఆ వాల్వులు ఇక్కడ దొరికేవి కావు. వాటిని తెప్పించింది ఇంజనీరు గారే. కువైట్‌లో తనతో పనిచేసిన ఇటలీ ఫోర్‌మన్ ఒకాయనకు గద్వాల ఇంటర్నెట్ సెంటరులో కూర్చుని ఉత్తరం పంపారు. నాలుగు నెలలకు పార్సిల్ వచ్చింది. అందులో ఎనిమిది వాల్వులు, రెండు బెల్టులు ఉన్నాయి. రెండెందుకంటే, ఒకటి బండికనీ, ఇంకోటి మెకానిక్ కళ్ళ ముందు వేలాడదీయడానికనీ ఆయన ఇంగ్లీషులో చీటీ రాశాడు. నేను వేలాడదీశాను.

ఇంజను విప్పినప్పటినుంచీ ఇంజనీరు గారు వారానికి మూడుసార్లు గద్వాల నుంచి వస్తుండేవారు. బావ బండి సరిగ్గా తయారవుతుందో లేదో చూడటానికని మొదట అన్నారు. తర్వాత చొక్కా విప్పి బనీనుతో కూర్చుని, వాల్వులు తమ గూళ్ళలో సరిగ్గా కూర్చునేలా గరుకు ముద్ద పూసి తానే రుద్దడం మొదలుపెట్టారు. అరచేతుల మధ్య కర్రను తిప్పుతూ గంటలు గంటలు రుద్దేవారు. ఒకరోజు పైన వాల్వులను ఆడించే రెండు ఇరుసులను గుడ్డతో తుడిచి, బల్ల మీద పక్కపక్కన పెట్టి చూస్తూ ఉండిపోయారు.

"లోపల ఉండేదాన్ని ఇంత అందంగ ఎందుకు చేసిన్రు సత్తయ్యా? ఎవరు చూస్తరని?" అని అడిగారు. ఇరవై ఏళ్ళు ఆ బండిని తిట్టిన మనిషి.

మొదటిసారి వచ్చినప్పుడే తన పసుపు బండిని డాక్టరు గారి ఇంటి ముందు వదిలి, ఆ తర్వాత తాను బస్సులోనే గద్వాల నుంచి వచ్చి పోయేవారు. దవాఖానకు నడిచి పోవడమేంటి, దీన్ని వాడుకొమ్మని బావను బలవంతం చేశారు. డాక్టరు గారు మొదట ముట్టుకోలేదు. వర్షం పడ్డ రోజు ముట్టుకున్నారు. ఆ తర్వాత వాన లేని రోజు కూడా. తాళం సగం తిప్పితే స్టార్ట్ అవుతుందనీ, దవాఖానకు తాను ఇంత టైముకు ఎన్నడూ పోలేదనీ నాతో గుసగుసగా చెప్పి, జనార్దన్‌కు చెప్పొద్దన్నారు. అదే వారం ఇంజనీరు గారు కూడా ఎర్ర బండి గురించి నాతో ఒక సంగతి చెప్పి, బావకు చెప్పొద్దన్నారు. ఎవరి మాటకు వాళ్ళకు తలూపే నా పాత అలవాటు మళ్ళీ మొదలైంది.

మళ్ళీ అచ్చంపేట

వానలు వెనకబట్టాక మళ్ళీ బయలుదేరాం. పందెమేమీ లేదు, ఊరికే పోయి వద్దామన్నారు. వాల్వులు తానే రుద్దారు కాబట్టి ఎర్ర బండిని నడిపి చూస్తానని ఇంజనీరు గారన్నారు. నాలుగైదు నెలలుగా అలవాటైంది కాబట్టి పసుపు బండి తాను తెస్తానని డాక్టరు గారన్నారు. రెండు బండ్లూ ఎక్కడా ఆగకుండా అచ్చంపేట చేరాయి. మిరపకాయ బజ్జీలు తిని చాయ్ తాగాం. ఏ బండి గొప్పదో అడుగుతారని నేను రాత్రంతా ఆలోచించి జవాబు తయారుచేసుకున్నాను. ఎవరూ అడగలేదు.

తిరిగి వచ్చేటప్పుడు ఎవరి బండి వాళ్ళు ఎక్కుతారని నేనూ సరోజనమ్మా నిలబడి చూస్తున్నాం. ఇద్దరూ వచ్చిన బండ్లలోనే కూర్చున్నారు. తలుపులు మూశారు. ఒకరి వైపు ఒకరు చూసుకోలేదు.

సరోజనమ్మ ఇద్దరి మధ్యా నిలబడింది.

"ఇరవై ఏండ్లసంది కొట్లాడింది గిందుకా?" అంది. "బంతిల కూసున్నోడు పక్కోని ఇస్తరాకు దిక్కు చూసినట్టుంది మీ కథ. ఇగ మార్చుకోండ్రి, పీడ పోతది."

ఇద్దరూ తలలు వంచుకొని ఒప్పుకున్నారు. ఆమెను ఎక్కమంటే, అంత కిందికి వంగి కూర్చోవడం తనవల్ల కాదనీ, ఈ ఒక్కరోజుకు తన నడుమును ఇక వాళ్ళ సరదాకు ఇవ్వననీ చెప్పి, అటుగా వచ్చిన బస్సు ఆపి ఎక్కేసింది.

మేము నాగర్‌కర్నూల్‌లో సోడా తాగడానికి ఆగాం. అక్కడ డాక్టరు గారు జపాన్ బండి నమ్మకం గురించి ఒక మాటన్నారు. ఇటలీ బండి చప్పుడు ముందు ఆ నమ్మకం ఎందుకని ఇంజనీరు గారన్నారు. ఇద్దరూ సోడా బండి దగ్గర నిలబడి, ఎదుటివాడి పాత మాటలన్నీ తమ మాటలుగా చేసుకొని గంటసేపు కొట్లాడారు. నేను అటొకసారీ ఇటొకసారీ తలూపుతూ నిలబడ్డాను. డాక్టరు గారి ముఖంలో రక్తం తిరిగి వచ్చింది.

వనపర్తి చేరేసరికి పొద్దు వాలింది. సరోజనమ్మ అప్పటికే వంట చేసి, తాను తిని, మా ముగ్గురికీ అన్నం మీద మూతలు పెట్టి, వసారాలో చాప మీద హాయిగా నిద్రపోతోంది.